రాయి వచ్చినప్పుడు ఏది లొంగాలి? జెట్ పడవ మోటార్లలో అల్యూమినియం, స్టెయిన్‌లెస్ ఇంపెల్లర్లు

అలాస్కాలో, పంపుతో నీటిని వెనక్కి చిమ్ముతూ సాగే జెట్ పడవల మోటార్లను మరమ్మతు చేసే పనిలో చాలా ఏళ్ళు గడిపిన ఒక ఇంజనీరు, స్వస్థలానికి వచ్చినప్పుడు మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగం ఇది. రానివారు చదువుకోవడానికి వీలుగా రికార్డింగు నుంచి రాసిన పాఠం.

పెద్దలకు, అధ్యాపకులకు నమస్కారం. విద్యార్థులారా, ఈ బల్ల మీద రెండు ఇంపెల్లర్లు, అంటే పంపులో తిరుగుతూ నీటిని తోసే రెక్కల చక్రాలు, పెట్టాను. రెండూ ఒకే రకం మోటారువి, రెండింటికీ మూడేసి రెక్కలు, రెండూ బాగా వాడి తీసేసినవి. నా ఎడమవైపు ఉన్నది అల్యూమినియం, కుడివైపు ఉన్నది స్టెయిన్‌లెస్ స్టీలు. నేను పనిచేసిన షెడ్డుకు వచ్చే పడవల యజమానులు అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "ఈ రెండింటిలో ఏది మంచిది?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పేముందు ఇంకొక ప్రశ్న వేసుకోవాలని నాకు అనుభవం మీద తెలిసింది. పంపులోకి రాయి వచ్చినప్పుడు ఏది లొంగాలి? రెక్క లొంగాలా, రెక్క చుట్టూ తొడుగులా ఉన్న లైనర్ లొంగాలా, ఇంపెల్లర్‌ను ఇరుసుకు పట్టి ఉంచే కీ అనే చిన్న లోహపు ముక్క తెగాలా, లేక ఇరుసే వంగిపోవాలా? ఏదో ఒకటి తప్పక లొంగుతుంది. ఇంపెల్లర్‌కు లోహాన్ని ఎంచుకోవడమంటే, అలా లొంగే భాగం ఏదో ముందుగా నిర్ణయించుకోవడమే.

మీలో వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవారు ఎందరు? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. అయితే ఇంపెల్లర్ అంటే ఏమిటో మీకు నేను చెప్పనవసరం లేదు. నా చిన్నప్పుడు మా బోరు నీళ్ళు తగ్గితే, మూడు కొయ్యలు పాతి, చైను పుల్లీ కట్టి, పైపులు ఒక్కొక్కటిగా విప్పుకుంటూ సబ్‌మెర్సిబుల్ మోటారును బయటకు లాగేవారు. పంపు విప్పి చూస్తే ఇంపెల్లర్ల అంచులు సబ్బుబిళ్ళలా నున్నగా అరిగిపోయి ఉండేవి. "బోరు ఇసుక పోస్తోంది, ఇంపెల్లర్లు తినేసింది" అని మెకానిక్ మా నాన్నగారితో చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, కరెంటు కాలుతూనే ఉంటుంది, నీళ్ళు మాత్రం రావు. జెట్ పడవలో జరిగేదీ సరిగ్గా ఇదే. ఇంజను పాడుతూనే ఉంటుంది, పెట్రోలు కాలుతూనే ఉంటుంది, పడవ మాత్రం ముందుకు కదలదు. బోరులో అయితే మనిషి గట్టు మీద ఉంటాడు. జెట్ పడవలో అయితే మనిషి నది మధ్యలో, ప్రవాహంలో ఉంటాడు. తేడా అదే.

జెట్ పడవ ఎందుకు పుట్టిందో క్లుప్తంగా చెప్పి అసలు విషయానికి వస్తాను. న్యూజీలాండ్ దక్షిణ దీవిలో మెకెంజీ ప్రాంతపు నదులు పాయలు పాయలుగా చీలి, గులకరాళ్ళ మీద జానెడు లోతున పారుతాయి. అక్కడ ప్రొపెల్లర్ పెట్టిన పడవ నడవదు. ఐరిష్‌మన్ క్రీక్ అనే పశుక్షేత్రం యజమాని బిల్ హామిల్టన్ 1950ల మొదట్లో నీటి జెట్ మీద పనిచేసి, 1954 నాటికి దానితో పడవ నడిపాడు. మొదట నీటిని పడవ అడుగున చిమ్మి చూశాడు, అది అంతగా పనిచేయలేదు. చిమ్మే నాజిల్‌ను నీటిమట్టానికి పైకి తెచ్చాక పడవ పరుగందుకుంది. 1960లో ఆ పడవలు అమెరికాలో గ్రాండ్ కాన్యన్ గుండా కొలరాడో నదికి ఎదురీదాయి. మన దేశానికి కూడా వాటితో ఒక బంధం ఉంది. 1977లో ఎడ్మండ్ హిల్లరీ బృందం జెట్ పడవలతో గంగాసాగరం దగ్గర బయలుదేరి, గంగ మీదుగా హిమాలయాల్లోకి, నందప్రయాగ దాకా వెళ్ళింది. అక్కడ ఒక జలపాతం అడ్డు వచ్చి ఆగవలసి వచ్చింది. ఆ పడవలు నడిపినవారిలో హామిల్టన్ కుమారుడు జాన్ కూడా ఉన్నాడు. సముద్రపు ఉప్పునీటి నుంచి బయలుదేరి, మైదానంలోని ఒండ్రునీటిని దాటి, కొండల్లోని బండరాళ్ళ మధ్యకు వెళ్ళిన ఆ ప్రయాణాన్ని తలచుకుంటే, ఇంపెల్లర్‌కు ఎదురయ్యే శత్రువులు మూడూ వరుసగా మన కళ్ళ ముందుకు వస్తాయి: ఉప్పు, ఇసుక, రాయి. ఈ మూడూ ఒకే విధంగా దెబ్బతీయవు. అందుకే అన్ని నదులకూ సరిపోయే లోహం అంటూ ఒకటి లేదు.

ఇప్పుడు ఔట్‌బోర్డ్ జెట్, అంటే పడవ వెనుక బయటివైపు తగిలించే జెట్ మోటారు, సంగతి చూద్దాం. అలాస్కాలో చేపలకు వెళ్ళేవారు ఎక్కువగా వాడేది ఇదే. మామూలు ఔట్‌బోర్డ్ మోటారుకు కింద ఉండే గేర్ల పెట్టెను, ప్రొపెల్లర్‌ను తీసేసి, ఆ స్థానంలో ఒక పంపు బిగిస్తారు. అడుగున కమ్మీల జల్లెడ గుండా నీరు లోపలికి వస్తుంది, నిలువు ఇరుసు మీద తిరిగే ఇంపెల్లర్ దానిని పైకి తోస్తుంది, అక్కడి నుంచి నీరు వంపు తిరిగి వెనుక నాజిల్ నుంచి చిమ్ముతుంది. దీనికి మనం చెల్లించే మూల్యం కూడా ఉంది. సుమారు 30 శాతం శక్తి పోతుంది. 60 గుర్రపుశక్తుల ఇంజనుకు జెట్ బిగిస్తే దానిని 40 జెట్ అని అమ్ముతారు, 115 ఇంజనైతే 80 అంటారు. అంత శక్తిని వదులుకొని మనం కొనుక్కున్నది లోతులేని నీటిలో నడిచే సౌకర్యాన్ని. కాబట్టి మిగిలిన శక్తిలో ఒక్క పిసరు కూడా పంపులో వృథా కాకూడదు.

ఆ పిసరు ఎక్కడ పోతుంది? రెండు చోట్ల పోతుంది. ఒకటి, రెక్క ముందంచు. రెండు, రెక్క కొసకూ లైనర్‌కూ మధ్య ఉన్న సందు. ఈ రెండు మాటలూ దయచేసి రాసుకోండి: అంచు, సందు. లోహం గురించి మనం చెప్పుకోబోయే ప్రతి మాటా చివరికి ఈ రెండింటి దగ్గరికే వస్తుంది.

సందు ఎంత ఉండాలి? ఔట్‌బోర్డ్ జెట్లలో సుమారు 0.8 మిల్లీమీటర్లు. పెరిగితే, పైకి తోసిన నీరు ఆ సందులోంచి వెనక్కి జారిపోతుంది. ఇంపెల్లరూ లైనరూ రెండూ కిందికి వచ్చేకొద్దీ సన్నబడే గరాటు ఆకారంలో ఉంటాయి కనుక, అరుగుదల వచ్చినప్పుడు ఇంపెల్లర్‌ను కాస్త కిందికి దించితే సందు మళ్ళీ తగ్గుతుంది. అందుకోసమే ఇరుసు మీద పలుచని షిమ్ వాషర్లు ఇస్తారు. ఇంపెల్లర్ కింద ఉన్న వాషర్లలో ఒకటి తీసి పైన వేస్తే, అంత మేర ఇంపెల్లర్ కిందికి దిగుతుంది. ఇదంతా నది ఒడ్డున, ఒక స్పానరుతో, సందును కొలిచే పలుచని రేకుల ఫీలర్ గేజితో చేసుకోగల పని.

ఇక అంచు సంగతి. గులకరాయి తగిలినప్పుడల్లా రెక్క ముందంచు కొంచెం మొద్దుబారుతుంది. మొద్దుబారిన అంచు నీటిని కోయలేదు, తోసేస్తుంది. రెక్క వెనుక ఒత్తిడి పడిపోయి ఆవిరి బుడగలు పుడతాయి. దానినే కావిటేషన్ అంటాం. అప్పుడు ఇంజను తిరుగుడు వేగం పెరుగుతుంది, పడవ వేగం తగ్గుతుంది. ఇది చాలా ముఖ్యమైన గుర్తు. మీరు పాఠాల్లో చదువుకొనే ఉంటారు, పంపు తినే శక్తి తిరుగుడు వేగం ఘనానికి అనులోమంగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పంపును 10 శాతం వేగంగా తిప్పాలంటే 33 శాతం అదనపు శక్తి కావాలి. మరి అదే ఇంజను, అదే పెట్రోలు, ఉన్నట్టుండి తిరుగుడు వేగం ఎందుకు పెరిగింది? ఇంజనుకు బలం రాలేదు. పంపు నీటిని పట్టుకోవడం మానేసింది. ఇంజను బాగా పాడుతోందని సంతోషించే పడవ యజమానిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

ఇప్పుడు రెండు లోహాల దగ్గరికి వద్దాం. అల్యూమినియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు, స్టెయిన్‌లెస్ సుమారు 7.9 గ్రాములు, అంటే దాదాపు మూడు రెట్లు. బిగుసుదనం కూడా అంతే, అల్యూమినియం 70 గిగాపాస్కల్స్ అయితే స్టెయిన్‌లెస్ 190కి పైన. ఈ బిగుసుదనం వల్లనే స్టెయిన్‌లెస్ రెక్కను పలుచగా పోత పోయవచ్చు. రెక్క పలుచన అయితే నీటి దారికి అడ్డు తగ్గుతుంది, భారం పడ్డప్పుడు రెక్క వంగి తన వాలు మార్చుకోదు. కావిటేషన్ వల్ల లోహం గుంటలు పడటం కూడా అల్యూమినియంలో చాలా త్వరగా వస్తుంది, స్టెయిన్‌లెస్ తట్టుకుంటుంది. కాగితం మీద చూస్తే స్టెయిన్‌లెస్ గెలిచినట్టే. కానీ నది కాగితం కాదు కదా.

మొదట ఇసుక. మన గోదావరిలో జూలైలో ఎర్రనీరు దిగడం మీరు చూసే ఉంటారు. అలాస్కాలో సుసిట్నా నది వేసవి అంతా బూడిదరంగులో పారుతుంది. హిమానీనదాలు కొండలను నూరి చేసిన పిండి అది, వేళ్ళ మధ్య నలిపితే గంధంలా ఉంటుంది. అందులో ఉన్న క్వార్ట్జ్ రేణువు అల్యూమినియం కంటేనే కాదు, మామూలు స్టెయిన్‌లెస్ కంటే కూడా గట్టిది. కనుక స్టెయిన్‌లెస్ అరగదు అనే మాట నిజం కాదు. అరుగుతుంది, కానీ చాలా నెమ్మదిగా అరుగుతుంది. రోజంతా యాత్రికులను తిప్పే గైడ్లు అలాంటి నీటిలో అల్యూమినియం వాడితే వారి సాయంత్రాలన్నీ ఆకురాయి పట్టుకోవడంతోనే సరిపోతాయి. వారికి నేను సందేహం లేకుండా స్టెయిన్‌లెస్ వేసుకోమని చెబుతాను. ఖరీదు ఎక్కువే, అయినా సీజను మధ్యలో పడవ ఒడ్డున కూర్చుంటే పోయే సంపాదనతో పోలిస్తే అది పెద్ద మొత్తం కాదు.

తరువాత రాయి. ఇక్కడ కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే చాలామంది పొరబడేది ఇక్కడే. "రాళ్ళున్న నది, కాబట్టి గట్టి లోహం కావాలి" అనుకుంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. నిజంగా ఏం జరుగుతుందో చూడండి. జల్లెడ కమ్మీల మధ్య నుంచి దూరిన ఉసిరికాయంత రాయి పైకి వచ్చి రెక్క కొసకూ లైనర్‌కూ మధ్య ఇరుక్కుంటుంది. రెక్క అల్యూమినియం అయితే అంచు సొట్టపడుతుంది, లేదా ఒక ముక్క ఊడిపోతుంది, రాయి బయటకు పోతుంది. రెక్క స్టెయిన్‌లెస్ అయితే అది లొంగదు. అప్పుడు రాయి లైనర్‌ను గీస్తుంది, ఎందుకంటే మామూలుగా వచ్చే లైనర్ అల్యూమినియమే. మీరు గట్టి రెక్క కొని, దెబ్బను పక్కవాడికి బదిలీ చేశారు. రెక్క మెరుస్తూనే ఉంటుంది, లైనర్‌లో చుట్టూ కాలువలు పడతాయి, సందు పెరిగిపోతుంది. స్టెయిన్‌లెస్ ఇంపెల్లర్ వేసుకొని, అల్యూమినియం లైనర్‌ను అలాగే ఉంచి, "మార్చాను గానీ లాభం లేదు" అని వచ్చినవారిని నేను ఎందరినో చూశాను. ఇంపెల్లరూ లైనరూ ఒక జంట. ఒకదానిని మార్చేటప్పుడు రెండవదాని గురించి ఆలోచించి తీరాలి. ఉక్కు రెక్కకు ఉక్కు లైనర్ కూడా దొరుకుతుంది. దాని ఖరీదునూ కలుపుకొని లెక్కవేసుకోవాలి.

ఇంకా పెద్ద రాయి వచ్చి ఇంపెల్లర్‌ను ఉన్నపళంగా ఆపేస్తే? ఇంపెల్లర్‌కూ ఇరుసుకూ మధ్య ఒక మెత్తని కీ ఉంటుంది. ఇరుసును కాపాడటానికి అది తెగిపోవాలి, దాని పుట్టుకే అందుకు. జెట్‌లో గేర్లు లేవు, ఇంజను నడుస్తున్నంతసేపూ ఇంపెల్లర్ తిరుగుతూనే ఉంటుంది; వెనక్కి పోవాలన్నా చిమ్మే నీటికి అడ్డంగా ఒక తలుపు పెడతారు. అంటే రాయి ఎప్పుడు వచ్చినా అది తిరుగుతున్న బరువునే ఢీకొంటుంది. ఆ బరువు ఎంత ఎక్కువైతే కీ మీద, ఇరుసు మీద, బేరింగుల మీద దెబ్బ అంత ఎక్కువ. స్టెయిన్‌లెస్ రెక్కలో ఒకవైపు ముక్క ఊడినా ఇంతే. బరువైన చక్రంలో తూకం తప్పితే వచ్చే అదురు కూడా బరువుగానే ఉంటుంది. ఆ అదురుతో పడవను ఇంటిదాకా నడిపితే బేరింగులు మిగలవు.

స్టెయిన్‌లెస్‌కు న్యాయం కూడా చేయాలి. పోత అల్యూమినియం రెక్క వంగితే దానిని సుత్తితో సరిచేయబోయినప్పుడు పగిలిపోవచ్చు. స్టెయిన్‌లెస్ సాగే గుణం ఉన్న లోహం, కొద్దిగా వంగినదానిని షెడ్డులో జాగ్రత్తగా కొట్టి సరిచేయవచ్చు. అయితే "షెడ్డులో" అన్న మాటను గమనించండి. నది మీద, షెడ్డుకు 60 మైళ్ళ దూరంలో, మీ చేతిలో ఉండేది ఆకురాయి మాత్రమే. అల్యూమినియం ఆకురాయికి లొంగుతుంది. స్టెయిన్‌లెస్ మీద అదే ఆకురాయి చాలా కష్టంగా పనిచేస్తుంది, దానికి గ్రైండరు ఉంటే మేలు.

పదును పెట్టడం గురించి ఒక మాట చెప్పాలి, ఇది దగ్గర నుంచి చూడవలసిన పని. కత్తిలా పలుచగా చేయకూడదు. పలుచటి అంచు మొదటి గులకరాయికే మడతపడుతుంది. ముందంచు సుమారు 0.8 మిల్లీమీటర్ల గుండ్రదనంతో ఉండాలి. లోహాన్ని రెక్క అడుగు ముఖం నుంచి మాత్రమే తీయాలి. నీటిని ఎత్తే పై ముఖాన్ని ముట్టుకుంటే రెక్క వాలు మారిపోతుంది, ఇక ఆ ఇంపెల్లర్ మునుపటిలా పనిచేయదు. మూడు రెక్కలకూ సమానంగా రాయాలి. నేను ఒక్కో రెక్కకు ఇన్ని రాపిళ్ళు అని లెక్కపెట్టుకుంటాను.

నా చేతి మీదుగా జరిగిన ఒక తప్పు చెబుతాను. పని కొత్తలో ఒక వృద్ధ జాలరి తన పడవకు స్టెయిన్‌లెస్ ఇంపెల్లర్ తెచ్చి బిగించమన్నాడు. పాతదాని కింద ఎన్ని షిమ్ వాషర్లు ఉన్నాయో, కొత్తదాని కింద అన్నే వేసి బిగించాను. చేత్తో తిప్పి చూస్తే ఎక్కడా తగలలేదు. ఫీలర్ గేజితో నాలుగువైపులా కొలవలేదు. పాత లైనర్ ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ అరిగి, గుండ్రదనం తప్పి ఉంది. అల్యూమినియం రెక్క అయితే బిగువుగా ఉన్న చోట కాస్త రాసుకొని తనంతట తాను దారి చేసుకొనేది. స్టెయిన్‌లెస్ రెక్క అలా చేయలేదు. ఇంజను పూర్తి వేగం అందుకున్నప్పుడు అది లైనర్‌ను తాకి, ఒక ప్రయాణంలోనే లోతుగా గాడి పెట్టింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, లైనర్‌ను నా ముందు పెట్టి, గాడిలో తన గోరు పెట్టి చూపించాడు. ఆ రోజు నుంచి నాలుగువైపులా కొలవకుండా ఏ ఇంపెల్లరూ నా చేతి నుంచి బయటకు పోలేదు.

మూడవది ఉప్పు. నదీముఖం దగ్గర, ఆటుపోట్లు వచ్చేచోట పడవ నడిపితే స్టెయిన్‌లెస్, అల్యూమినియం రెండూ ఉప్పునీటిలో తాకి ఉండటం వల్ల విద్యుత్ ఘటం తయారవుతుంది. అందులో కరిగిపోయేది అల్యూమినియం, అంటే మీ పంపు పెట్టె, మీ లైనర్. మిగతా లోహానికి బదులు తాను కరిగిపోయే ముక్క, అంటే త్యాగ ఆనోడ్, సరిగా ఉండాలి, ప్రతిసారీ మంచినీటితో కడగాలి, తాకే చోట్ల గ్రీజు ఉండాలి.

మన విశాఖ రుషికొండ బీచిలో, విజయవాడ భవానీ ద్వీపం దగ్గర తిరిగే నీటి స్కూటర్లను మీరు చూసే ఉంటారు. వాటి అడుగున ఉన్నదీ జెట్ పంపే. ఇలాంటి స్కూటర్లలో కొన్నిటికి ఇంపెల్లర్ స్టెయిన్‌లెస్, దాని చుట్టూ ఉండే రింగు మాత్రం ప్లాస్టిక్. ఎందుకు? ఆలోచించండి. రాయి గానీ ఇసుక గానీ వస్తే లొంగేది ఆ చవకైన రింగు. అది ఊడదీసి కొత్తది వేయవచ్చు. అది ప్లాస్టిక్ కనుక ఉక్కు రెక్కతో కలిసి విద్యుత్ ఘటం కూడా కాదు. ఏది లొంగాలో ముందుగా కూర్చొని నిర్ణయించిన డిజైన్ అది. ఔట్‌బోర్డ్ జెట్ కొనే మనిషికి ఆ నిర్ణయం తనే చేసుకోవలసి వస్తుంది.

మరి నేను ఏమి సలహా ఇస్తాను? బూడిదనీటిలో రోజంతా తిరిగేవారికి స్టెయిన్‌లెస్ అని ఇంతకుముందే చెప్పాను, లైనర్‌తో కలిపి. వేసవిలో నాలుగు వారాలు కుటుంబంతో, తేటనీటి గులకరాళ్ళ వాగుల్లోకి వెళ్ళేవారికి మాత్రం అల్యూమినియమే వాడమంటాను, పడవలో ఇంకొక అల్యూమినియం ఇంపెల్లర్, రెండు కీలు, ఒక ఆకురాయి పెట్టుకోమంటాను. స్టెయిన్‌లెస్ వేసుకున్నవారికి కూడా ఒక అల్యూమినియం ఇంపెల్లర్ అదనంగా దగ్గర ఉంచుకోమంటాను. అన్నిటికంటే ముందు చెప్పేది నడిపే తీరు గురించి. పడవ పరుగులో ఉన్నప్పుడు నాలుగు అంగుళాల నీటి మీద కూడా దాటిపోతుంది, కానీ నిలబడిన పడవను ఆ లోతులో ఒక్కసారిగా ఇంజను పెంచి లేపబోతే పంపు అడుగున ఉన్న గులకరాళ్ళన్నిటినీ పీల్చుకుంటుంది. గెడ వేసి మోకాలి లోతు దాటాక ఇంజను పెంచండి. పంపులు పాడుచేసుకొని నా దగ్గరకు వచ్చినవారిలో ఎక్కువమంది చేసిన పని ఒడ్డునుంచే ఇంజను పెంచడం.

ఇప్పుడు ఈ రెండింటినీ మీ మధ్యకు పంపుతున్నాను. ముందు అల్యూమినియందానిని అందుకోండి, ముందంచుల మీద ఆకురాయి గీతలు కనబడతాయి, మూడు రెక్కలకూ సమానంగా ఉన్నాయో లేదో చూడండి. తరువాత స్టెయిన్‌లెస్. బరువుగా ఉంటుంది, రెండు చేతులతో పట్టుకోండి, అంచు ఇంకా పదునుగానే ఉంది. దాని రెక్కల కొసలు చూస్తే ఒకదాని మీద వెండిరంగు పూతలా అంటుకున్నది కనబడుతుంది. అది ఉక్కు కాదు. అది ఏ భాగం నుంచి వచ్చిందో చూసి, వెనుక వరుసలో ఉన్నవారు నాకు చెప్పండి.